దిక్కులేని పిల్లి, ఇంటి పిల్లి

ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. పెనుకొండ చుట్టూ వేరుశనగ పండిస్తారు. హిందూపురం బజారులో బెల్లం, చింతపండు వ్యాపారం జరుగుతుంది. ఈ మూడు ఊళ్ళూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఇదివరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా మారింది. ఎలుకలు మాత్రం మారలేదు.

ఎలుక పట్టు పోగును కొరుకుతుంది. వేరుశనగ మూటను కొరుకుతుంది. బెల్లాన్నీ వదలదు. అందుకే పిల్లి ఇంట్లోకి వస్తే చాలామంది ఊరుకుంటారు. కానీ దానికి ఇంత కూడు పెట్టేవాళ్ళు తక్కువ. పొద్దున పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపుతారు. కాసేపు కూర్చొని, నీళ్ళు తాగి బయలుదేరతారు. అదే పిల్లి రాత్రి అటక మీద ఎలుకను పడితే సంతోషిస్తారు. పాపం, పిల్లికి ఈ సంగతులేవీ తెలియవు.

బజారులో, బస్టాండులో, రైల్వే స్టేషనులో తల్లిలేని పిల్లికూనలు కనిపిస్తాయి. కొన్నిసార్లు తల్లి లారీ కింద పడి చచ్చిపోయి ఉంటుంది. కొన్నిసార్లు ఎవరో కూనలను గోనెసంచిలో తెచ్చి వదిలి ఉంటారు. "మేము చంపలేదు కదా, వదిలేసినాం" అంటారు వాళ్ళు. పాలు తాగే కూనను తల్లి లేకుండా వదిలితే అది ఎట్లా బతుకుతుంది? ఆకలితో, దాహంతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టంలో ఈ మాట ఉంది.

అయితే కూన కనిపించగానే ఎత్తుకు రాకూడదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. అది ఒక్కొక్క కూనను నోట కరుచుకొని కొత్త చోటికి చేరుస్తుంది. ఒకదాన్ని వదిలి, రెండోదాని కోసం వచ్చేలోగా మనం ఎత్తుకుపోతే తల్లి వెతుక్కుంటుంది. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడాలి. తల్లి రాకపోతే అప్పుడు తీసుకోవాలి.

ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు అనుకుందాం. ముందు గదిలో గుంట మగ్గం ఉంది. వెనక వంటిల్లు, ఒక చిన్న గది, పెరడు ఉన్నాయి. ఆ ఇంటి కోడలు హిందూపురంలో అక్క ఇంటికి పోయింది. అక్కడ బజారులో రెండు పిల్లులు దిక్కులేకుండా తిరుగుతున్నాయి. ఒకటి పెద్దది. ఒకటి రెండు నెలల కూన. పెద్దదాన్ని అక్క ఉంచుకుంది. కూనను చెల్లెలు మూత ఉన్న బుట్టలో పెట్టుకొని రైల్లో తెచ్చింది. తెల్లటి కూన. నుదుటి మీద నల్ల మచ్చ. పిల్లలు దానికి బొట్టు అని పేరు పెట్టారు.

అత్తకు ఇది నచ్చలేదు.

"ఏమ్మీ, మగ్గం మీద పడుగు ఉండాది. అది సావుకారు ఇచ్చిన పట్టు. మనది కాదు. పిల్లి గోరు తగిలితే ఏం చేస్తావు?"

"ఎలుక కొరికినప్పుడు ఏం చేసినాం అత్తా? రెండు దినాలు పోగులు అతుక్కుంటా కూర్చోలేదా?"

"ఎలుకకైతే బోను పెడతాం. పిల్లికి బోను పెడతామా?"

అత్త మాటలో న్యాయం ఉంది. పట్టు పడుగులో వేల పోగులు ఉంటాయి. పిల్లి దాని మీదికి ఒక్కసారి ఎగిరితే ఎన్నో పోగులు తెగుతాయి. చీర చెడితే కూలి కోస్తారు. కూలి తగ్గితే అప్పు చేయాలి. జాలి మంచిదే. కానీ ఈ భయమూ చిన్నది కాదు.

ఇద్దరి మాటా నిలిచే దారి ఒకటి ఉంది. మగ్గం గదిలోకి పిల్లిని రానివ్వకూడదు. ఆ గదిలో ఎలుకకు బోనే పెట్టాలి. మిగతా ఇల్లు, పెరడు పిల్లికి వదలాలి. నేత పని ఆగినప్పుడు మగ్గం గది తలుపు వేయాలి. తలుపు లేకపోతే రాత్రిపూట పిల్లిని వెనక గదిలో ఉంచి, ఆ గది తలుపు వేయాలి. తెర కట్టితే చాలదు. పిల్లికి తెర ఒక లెక్క కాదు.

పిల్లి గోళ్ళతో గీరడం కోపంతో చేసే పని కాదు. గోటి మీద పాత పొర ఊడిపోవాలి. అందుకోసం అది గీరుతుంది. తిట్టినా, కొట్టినా మానదు. గీరే చోటును మాత్రం మనం మార్చవచ్చు. ఒక కట్టెకు గోనెపట్ట చుట్టి, తాడుతో బిగించి గోడవార నిలబెట్టాలి. అది కదలకూడదు. పిల్లి దాన్ని గీరడానికి అలవాటు పడుతుంది. పెరట్లో చెట్టు ఉంటే మరీ మంచిది.

తిండి సంగతి. పిల్లి అంటే పాలు అనుకుంటాం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. పిల్లి మాంసం తినే జంతువు. ఉడికించిన గుడ్డు, చేప, మాంసం ముక్క దానికి బలం. అన్నంలో ఇవి కలిపి పెట్టవచ్చు. ఉత్త మజ్జిగన్నంతో అది ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉండదు. గిన్నెలో మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర పిల్లికి విషం. ఒక్క మాత్రతోనే పిల్లి చచ్చిపోవచ్చు. దానికి జ్వరం వచ్చినట్టు తోస్తే పశువుల డాక్టరును అడగాలి. మన మందు వేయకూడదు.

ఎలుకల మందు కూడా అంతే. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ ప్రమాదమే. పక్కింటివాళ్ళకూ ఈ మాట చెప్పి పెట్టాలి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ మందు లేకపోవడం పిల్లలకూ మేలే.

ఇక ఇంజెక్షను. కుక్క కరిస్తేనే పిచ్చి వస్తుందని కొందరు అనుకుంటారు. ఈ జబ్బు పేరు రేబిస్. పిల్లి కరిచినా, రక్కినా కూడా ఇది రావచ్చు. ఒకసారి జబ్బు బయటపడితే బతకడం దాదాపు లేదు. అందుకే కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. తరువాత మళ్ళీ ఎప్పుడు వేయించాలో డాక్టరు చెబుతారు. కడుపులో పురుగులకూ మందు అడగాలి.

బొట్టు ఆడుకుంటూ ఇంట్లో పిల్లవాడి చేతిని రక్కింది. కొంచెం రక్తం వచ్చింది. అత్త పసుపు తెచ్చింది. కోడలు ఆపింది. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. ధారగా పడే నీళ్ళ కింద, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలంటే తక్కువ కాదు. గడియారం చూసుకొని కడగాలి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. అక్కడ టీకా ఉచితం. ఎక్కువగా చర్మంలోకి వేస్తారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేయించుకోవాలి. మొదటి రోజును సున్నా అని లెక్క పెడతారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు. పిల్లోడు తట్టుకోలేడు" అంది అత్త. అది పాత మాట. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004 చివర ఆపేశారు. ఇప్పుడు సూది చేతికే. పోతే పిల్లవాడు కాసేపు ఏడుస్తాడు, అంతే. ఒక సూది వేయించి, "తగ్గిపోయింది కదా" అని మానేయడమే ప్రమాదం.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు పిల్లి మలాన్ని ఎత్తకూడదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి కడుపులో బిడ్డకు చెరుపు చేయవచ్చు. ఇంట్లో ఇంకొకరు ఆ పని చేయాలి. ఏరోజుకారోజు తీసివేయాలి. ఎందుకంటే ఆ మలం ఒక రోజు దాటాకే అంటించే గుణం వస్తుంది. చేతులు సబ్బుతో కడగాలి. మాంసం బాగా ఉడికించాలి, ఈ జబ్బు అటు నుంచి కూడా వస్తుంది. ఇంతమాత్రానికి పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు.

పిల్లికి ఆపరేషను ఎందుకు? లెక్క చూడండి. ఆడ పిల్లి కొన్నిసార్లు నాలుగు, అయిదు నెలలకే కడుపుతో అవుతుంది. కడుపు సుమారు 9 వారాలు. ఈతకు 4 కూనలు అనుకుందాం. ఏడాదికి రెండు ఈతలు అనుకుందాం. 4 రెళ్ళు 8. ఆ ఎనిమిదింటిని ఎవరు పెంచుతారు? మళ్ళీ గోనెసంచే గతి. మగ పిల్లికి ఆపరేషను చేస్తే అది దూరం తిరగడం తగ్గుతుంది. కొట్లాటలు, గాయాలు తగ్గుతాయి. సుమారు అయిదు నెలలకు ఆపరేషను చేయించవచ్చు. అన్ని పశువుల ఆసుపత్రుల్లోనూ పిల్లికి చేయరు. ముందే అడిగి పోవాలి.

పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే సంస్థ ఉంది. క్లెమెంటీన్ పౌస్ అనే ఆమె దీన్ని 2000లో మొదలుపెట్టారు. దెబ్బతిన్న, దిక్కులేని జంతువులను అక్కడ చూస్తారు. ప్లాస్టిక్ సంచులు తిన్న ఆవులకు ఆపరేషను చేసి, కడుపులోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీశారు. ఈ ఆవుల కోసం 2012లో సుప్రీం కోర్టు దాకా పోయారు. జంతువుల మీద ప్రేమ అంటే ముద్దు చేయడం ఒక్కటే కాదని అక్కడికి పోయి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త పిల్లిని బయటికి ఎప్పుడు వదలాలి?

హిందూపురంలో అక్క పెద్ద పిల్లిని ఉంచుకుంది కదా. రెండో రోజే వాకిలి తెరిచింది. "కూడు పెట్టిన ఇల్లు మరిచిపోతుందా, వస్తుందిలే" అనుకుంది. అది రాలేదు.

అది విశ్వాసం లేక చేసిన పని కాదు. పిల్లి మనిషికంటే ముందు చోటును నమ్ముతుంది. ఏ చోటు వాసన దానికి తెలుసో అదే దాని ఇల్లు. కొత్త ఇంటి వాసన పట్టుబడటానికి రోజులు కావాలి. కనీసం మూడు వారాలు లోపలే ఉంచాలి. నాలుగైతే ఇంకా మంచిది. పాత బేసినులో ఇసుక పోసి మూలన పెడితే దొడ్డికి అక్కడే పోతుంది. కూన అయితే మూడు వారాలు చాలదు. టీకా, ఆపరేషను అయ్యేదాకా ఒంటరిగా బయటికి వదలకూడదు.

మొదటిసారి పగటిపూట వదలాలి. కూడు పెట్టకముందు, ఆకలిగా ఉన్నప్పుడు వదలాలి. ఇంట్లో ఒకరు పెరట్లో కూర్చోవాలి. తలుపు తెరిచే ఉంచాలి. దాన్ని ఎత్తుకుపోయి బయట దించకూడదు. దానంతట అది గడప దాటాలి. కాసేపు వాసన చూస్తుంది. ఏదైనా చప్పుడైతే లోపలికి పరుగు తీస్తుంది. అది మంచి గుర్తు. దానికి దారి తెలిసిందన్నమాట. పావుగంట తరువాత కూటి గిన్నె మీద చెంచాతో కొట్టి పిలవాలి. రోజూ ఇదే చప్పుడు చేస్తే పిల్లికి అలవాటవుతుంది. మరుసటి రోజు ఇంకొంచెం సేపు వదలాలి.

మెడకు దారం కట్టేటప్పుడు జాగ్రత్త. గట్టి తాడు కొమ్మకు చిక్కితే ఉరి పడుతుంది. లాగితే తెగిపోయే పాత గుడ్డ పేలిక చాలు. బావికి మూత ఉందో లేదో చూసుకోవాలి. ఫోనులో పిల్లి ఫోటో ఒకటి తీసి పెట్టుకోవాలి.

ఎన్ని చేసినా ఒక్కోసారి తప్పిపోతుంది. పెనుకొండ వంటి ఊళ్ళో వెతకడం కష్టం. 1565లో యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. ఆనాటి కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. కొండ కింది ఇళ్ళ చుట్టూ రాళ్ళు, గోడల సందులు ఉంటాయి. పిల్లి దాక్కోవడానికి చోటు కొదవ లేదు. తప్పిపోయిన పిల్లి ఎక్కువగా దగ్గరలోనే దాక్కుంటుంది. భయంతో పిలిచినా పలకదు. పగలు గుంపుగా అరుచుకుంటూ వెతికితే ఇంకా లోపలికి పోతుంది. సందె వేళ, ఊరు సద్దుమణిగాక, దానికి తెలిసిన మనిషి ఒక్కరే పోవాలి. మెల్లగా పిలవాలి. గిన్నె చప్పుడు చేయాలి. అది పడుకున్న గోనెపట్టను వాకిట్లో పరిచి పెట్టాలి. ఒక్క రోజుకే ఆశ వదులుకోకూడదు.

అసలు బయటికి వదలడమే తప్పంటారు కొందరు. అమెరికాలో చాలామంది పిల్లిని ఇంట్లోనే ఉంచుతారు. ఆస్ట్రేలియాలో కొన్ని ఊళ్ళలో పిల్లి ఇంటి ఆవరణ దాటకూడదని చట్టమే ఉంది. అక్కడ పిల్లులు పిట్టలను చాలా చంపుతున్నాయి. ఇంగ్లాండులో మాత్రం ఎక్కువమంది వదులుతారు. మన ఇళ్ళు వేరు. వాకిళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పిల్లిని కట్టేసి పెంచలేం. అయినా మన పిచ్చుకలు, ఉడుతలు కూడా ప్రాణులే. పిట్టలు తెల్లవారుజామున, సందె వేళ మేతకు దిగుతాయి. ఆ రెండు వేళల్లో పిల్లిని లోపల ఉంచితే కొంత మేలు. వీధికుక్కలు గుంపుగా తిరిగేది రాత్రి. లారీ డ్రైవరుకు పిల్లి కనపడనిదీ రాత్రే. కాబట్టి పొద్దు వాలకముందే గిన్నె చప్పుడు చేసి, బొట్టును లోపలికి పిలిచి, కూడు పెట్టి వెనక గది తలుపు వేయాలి. ఆ పని ధర్మవరం ఇంట్లో ఇప్పుడు అత్తదే. మగ్గం గది తలుపు వేశారా లేదా అని ఆమె రెండుసార్లు చూసుకుంటుంది.