జ్ఞాపకము – మరపు

నేర్చిన పాఠము మరునాటికి జారిపోగా, "నాకు జ్ఞాపకశక్తి లేదు" అని చింతించు విద్యార్థులు మనలో పలువురు కలరు. తెలుగుతోపాటు ఈ రాష్ట్రపు భాషను, ఇంగ్లీషును గూడ నేర్వవలసిన మనకు ఈ చింత మరికొంత హెచ్చు. కావున జ్ఞాపకము మెదడులో ఎట్లేర్పడునో, ఎట్లు నశించునో కొంచెము విచారింతము.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. మనమొక విషయమును నేర్చునపుడు వానిలో కొన్ని కలిసి పనిచేయును. ఆ పని మరల మరల జరిగినచో ఆ కణముల నడుమనున్న సంధులు బలపడును. జనులు నడచినకొలది చేనిగట్టుపై కాలిబాట ఏర్పడుట వంటిదే యిది. సముద్రపు నత్తలపై పరిశోధించి ఈ మార్పును వివరించిన ఎరిక్ కాండెల్ 2000వ సంవత్సరమున నోబెల్ బహుమానమును మరి యిద్దరితో కలిసి పొందెను.

జ్ఞాపకములన్నియు ఒకే తీరున నిలుచునా? అమెరికా దేశీయుడగు హెన్రీ మొలైసన్ చరిత్ర దీనికి సమాధానము చెప్పును. తీవ్రమైన మూర్ఛరోగముతో బాధపడుచుండిన అతనికి 1953లో, 27వ యేట, శస్త్రచికిత్స జరిగెను. మెదడు లోపల రెండు ప్రక్కలనుండు హిప్పోకాంపస్ అను భాగమును వైద్యుడు చాలవరకు తొలగించెను. మూర్ఛలు తగ్గినవి, కాని ఆనాటినుండి అతడు క్రొత్త సంగతి నేదియు జ్ఞాపకముంచుకొనలేకపోయెను. బాల్యపు సంగతులు మాత్రము చెప్పగలిగెను. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు అద్దములో చూచుచు నక్షత్రపు గీతల వెంట గీయుట అతనిచే అభ్యాసము చేయించెను. మూడు దినములలో అతని చేయి బాగుగ కుదిరెను. అయినను ముందు గీసితినన్న తలంపే అతనికి లేదు. క్రొత్త సంగతులు నిలుచుటకు హిప్పోకాంపస్ అవసరమనియు, చేతిపనుల నేర్పు వేరొక మార్గమున నిలుచుననియు దీనివలన తెలిసినది. అతడు 2008లో మరణించెను.

మరపును కొలిచిన మొదటివారిలో జర్మను శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ ముఖ్యుడు. అతడు అర్థములేని అక్షరకూటములను వల్లించి, కొంతకాలమునకు వానినే మరల నేర్చి, రెండవమారు ఎంత శ్రమ కలిసివచ్చునో లెక్కించెను. 1885లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారము 20 నిమిషములకు 58 శాతమును, ఒక దినమునకు 34 శాతమును, 31 దినములకు 21 శాతమును శ్రమ కలిసివచ్చెను. అనగా మరపు మొదట వేగముగను, పిమ్మట మెల్లగను సాగును. ఇది అందరికిని సహజము. బుద్ధిహీనతకు గుర్తు గాదు.

దీనికి విరుగుడు గలదు. రోడిగర్, కార్పికే అనువారు 2006లో ప్రకటించిన పరిశోధనలో, పాఠమును మరల మరల చదివినవారికంటె, చదివి పుస్తకము మూసి తమంతట జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు వారము పిమ్మట ఎక్కువ చెప్పగలిగిరి. నిద్రయు జ్ఞాపకమును స్థిరపరచును. కావున పరీక్షకు ముందురాత్రి మేల్కొని చదువుటకంటె, నేటి పాఠమును నేటి సాయంకాలమున ఒకసారి, రేపొకసారి, వారమునకు మరియొకసారి చూడకుండ వ్రాసి, తప్పులు దిద్దుకొని, వేళకు నిద్రించుట మేలు. ఈ పూటనుండియే ఒక పాఠముతో ప్రారంభింతము.