చూపు ఎంతో వేగం అంత

"మా ఆయన లారీ తోలతారు. ఈసారి లేహ్ దాకా పోతారంట. ఆ దారి మంచిది కాదంటున్నారు. నాకు గుండె దడగా ఉంది టీచరమ్మా" అంది మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క.

ఆ రాత్రి అందరం కలిసి ఇండియా పటం చూశాం.

లేహ్ మన దేశానికి ఉత్తరాన, లడాఖ్‌లో ఉంది. మనాలి నుంచి లేహ్‌కు సుమారు 430 కిలోమీటర్లు. దారి పొడవునా హిమాలయ కొండలే. 2020లో రోహ్‌తాంగ్ కొండ కింద 9 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. దాంతో దారి కొంత తగ్గింది. అయినా ఎత్తయిన కనుమలు ఇంకా దాటాలి. కొన్ని 5,000 మీటర్లకు మించిన ఎత్తు. అక్కడ గాలి పలచన. తల నొస్తుంది. ఆయాసం వస్తుంది. అలసిన మనిషి కాలు బ్రేకు మీద ఆలస్యంగా పడుతుంది.

మరి ఎంత వేగంతో పోవాలి?

బోర్డు మీద రాసింది దాటకూడని వేగం. అంత వేగంతో పోయి తీరాలని కాదు. ఇరుకు దారిలో కంటికి కనిపించే దూరంలో సగంలోనే మన బండి ఆగాలి. మిగతా సగం ఎదురు బండిది. మలుపులో దారి కొంచెమే కనిపిస్తుంది. కాబట్టి అక్కడ వేగం బాగా తగ్గించాలి.

ఒక లెక్క చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 5 మీటర్లకు పైగా పోతుంది. 40 అయితే 11 మీటర్లు పోతుంది. బ్రేకు తొక్కాక కూడా బండి కొంత దూరం పోయి ఆగుతుంది. వేగం రెండింతలైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. కంకర మీద, మంచు మీద ఇంకా ఎక్కువ.

ఇవి కూడా గుర్తుంచుకోవాలి:

పొద్దున్నే నీడ ఉన్నచోట నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. టైరు జారుతుంది.

మధ్యాహ్నం ఎండకు మంచు కరుగుతుంది. వాగులు రోడ్డు మీద పారతాయి. నీళ్లు ఎక్కువగా ఉంటే ఆగాలి.

కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టదు.

ఇరుకు దారిలో ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

మర్నాడు ఆ అక్క ఒక చీటీ తెచ్చి చూపింది. తానే రాసింది.

"నిదానంగా పోండి. మలుపులో తొందర వద్దు. నిద్ర వస్తే బండి ఆపండి. ఒక రోజు ఆలస్యమైనా పరవాలేదు. పిల్లలు, నేను ఎదురుచూస్తాం."

ఆ చీటీ ఇప్పుడు లారీలో, ఆయన కళ్ల ముందే ఉంది.

లెక్క చేయండి: 10 కిలోమీటర్ల దారికి 20 వేగంతో ఎంతసేపు పడుతుంది? 40 వేగంతో ఎంతసేపు? ఎన్ని నిమిషాలు కలిసివస్తాయి? ఆ కొద్ది నిమిషాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాలా?

ఆలోచించండి: మీరు ఎక్కిన ఆటో మరీ వేగంగా పోతుంటే డ్రైవరుతో ఏమంటారు? రెండు మాటలు రాయండి.