రైలు నిధులపై రగడ ఎందుకు?

గంటకు 250 కిలోమీటర్లు, అంతకు మించి వేగంతో నడిచేదాన్ని హైస్పీడ్ రైలు అంటారు. మన దేశంలో తొలి హైస్పీడ్ మార్గం ముంబాయి–అహ్మదాబాద్. పొడవు 508 కి.మీ. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. అప్పటి అంచనా సుమారు 1,08,000 కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు 212 కోట్లు!

సిరిసిల్ల మీదుగా వేసే మనోహరాబాద్–కొత్తపల్లి లైను 151 కి.మీ. 2016లో శంకుస్థాపన నాటి అంచనా సుమారు 1,160 కోట్లు. కిలోమీటరుకు 8 కోట్ల లోపే. అందులోనూ మూడో వంతు, భూమి రాష్ట్రమే ఇవ్వాలి.

ఇక్కడే వివాదం. ఆ డబ్బుతో మామూలు లైన్లు ఎన్నో వేయవచ్చని ప్రతిపక్షాలు అన్నాయి. ఎక్కువ భాగం జపాన్ 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుతో ఇచ్చే అప్పు, అది వేరే లైన్లకు రాదని ప్రభుత్వం అంది. రెండింటిలోనూ నిజముంది. అయితే వడ్డీ తక్కువైనా అసలు తీర్చాల్సిందే.

బీర్పూర్ వాళ్లం రైలెక్కాలంటే జగిత్యాల లింగంపేట స్టేషనుకు పోవాలి. ఆ పెద్దపల్లి–నిజామాబాద్ లైను 177 కి.మీ. 1990 దశకంలో మొదలై 2017లో గాని పూర్తి కాలేదు. శంకుస్థాపన ఒక్కరోజు పని, నిధులు ఏటేటా రావాలి.

కనుక బడ్జెట్ వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం: డబ్బు ఎవరిది? తీర్చేదెవరు? ఎక్కేదెవరు?