వస్త్రంపై వ్రాసిన సూత్రం

వస్త్రం దేహాన్ని కప్పుతుంది. కొన్ని వస్త్రాలు మాత్రం ధరించినవారి విశ్వాసాన్ని కూడా వెల్లడిస్తాయి. జపాను బౌద్ధుల యాత్రావస్త్రం, మృతవస్త్రం ఇందుకు నిదర్శనాలు.

జపానులోని శికోకు దీవిలో 88 ఆలయాలను దర్శించే యాత్ర ఒకటి కలదు. కాలినడకన దాని దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. షింగోన్ శాఖను స్థాపించిన కూకై (774-835) స్మృతితో ఈ యాత్ర ముడిపడి ఉన్నది. యాత్రికులు తెల్లని పైవస్త్రం ధరిస్తారు. దాని వీపుభాగాన కూకైకి నమస్కారవాక్యమో, ఇద్దరు కలిసి సాగుతున్నారను అర్థం గల అక్షరాలో ఉంటాయి. ఒంటరి యాత్రికునికి గురువే తోడు అని దీని తాత్పర్యం. కొన్ని వస్త్రాలపై ప్రజ్ఞాపారమితా హృదయసూత్రం మొత్తం ముద్రితమై ఉంటుంది.

తెలుపునే ఎందుకు ఎన్నుకొన్నారు? జపాను సంప్రదాయంలో మృతులకు తొడిగే వస్త్రం తెల్లనిది. దానిని ‘క్యోకతబిర’ అంటారు. ‘క్యో’ అనగా సూత్రం. ‘కతబిర’ అనగా అస్తరు లేని పలుచని వస్త్రం. దీనిని కుట్టునప్పుడు దారానికి ముడి వేయరాదని ఆచారం. జీవించియున్నవారు ఎడమ అంచును పైకి వచ్చునట్లు ధరిస్తే, మృతునికి కుడి అంచును పైకి వేస్తారు. ఆలయముద్రలు వేయించుకొన్న యాత్రావస్త్రాన్ని దాచుకొని, మరణానంతరం తమకు దానినే తొడగవలెనని కోరేవారు కలరు. కనుక యాత్రికుడు మరణానికి సిద్ధపడిన వేషంలోనే బయలుదేరుతున్నాడన్నమాట.

హృదయసూత్రం చైనా పాఠంలో సుమారు 260 అక్షరాలు మాత్రమే. దానిని 649లో అనువదించినవాడుగా సంప్రదాయం చెప్పే హుయాన్‌త్సాంగ్, అంతకు కొన్నేండ్ల ముందు ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకంలో నివసించినవాడే. శూన్యతావాదాన్ని ప్రతిపాదించిన ఆచార్య నాగార్జునుని షింగోన్ శాఖవారు తమ గురుపరంపరలో పరిగణిస్తారు. సూత్రాంతంలోని మంత్రాన్ని మాత్రం అనువదించక, సంస్కృతధ్వనినే చైనా లిపిలో నిలిపారు.

అయితే ఈ అక్షరాలు అలంకారమా, ఉపదేశమా? ధరించినవారిలో అనేకులకు ప్రతి పదానికీ అర్థం తెలియకపోవచ్చును. వీపుమీది అక్షరాలను ధరించినవాడు చూడనైనా చూడలేడు. వెనుక వచ్చువాడే చూస్తాడు. రూపమే శూన్యమని బోధించే ఆ సూత్రం, చివరకు దేహంతోపాటు చితిలో దగ్ధమవుతుంది. భద్రపరచుటకు వ్రాసిన గ్రంథం కాదది, సాగనంపుటకు వ్రాసినది.

కావున అక్షరాంకితమైన వస్త్రాన్ని ప్రదర్శనశాలలో చూచినపుడు విద్యార్థులు దాని అందాన్ని మెచ్చుకొనుటతో ఆగరాదు. దానిని ఎవరు, ఏ సందర్భంలో, ఏ ఆశతో ధరించారని ప్రశ్నించుకొనవలెను. అప్పుడే ఆ వస్త్రాన్ని మనం చదివినవారమవుతాము.