వాతావరణము – శీతోష్ణస్థితి

“మృగశిర కార్తె ప్రవేశించినది, నేడు వాన కురియునా?” అనునది ఒక ప్రశ్న. “మా నేలకు వరి తగునా, వేరుశనగ తగునా?” అనునది మరియొకటి. మొదటిది వాతావరణమునకు, రెండవది శీతోష్ణస్థితికి సంబంధించినది. ఈ భేదము తెలియనిచో సేద్యమున నష్టము కలుగును గనుక దానిని గ్రామీణ సోదర సోదరీమణులకు వివరింపదలచితిమి.

ఒక చోట ఒక దినమున ఎండ, గాలి, తేమ, మబ్బు, వాన ఏ తీరున ఉన్నవో అదియే వాతావరణము. ఉదయము ఎండ కాసి సాయంకాలము జడివాన కురియవచ్చును. అట్టి దినముల లెక్కలను సాధారణముగా 30 సంవత్సరములపాటు కూర్చి చూచినపుడు తేలెడి స్వభావమే శీతోష్ణస్థితి. ఒక్క యేటి కరవును గాని, వరదను గాని చూచి శీతోష్ణస్థితి మారినదని చెప్పరాదు. అనేక దశాబ్దముల లెక్కలవలననే, 19వ శతాబ్దము చివరినుండి భూమి సగటు వేడిమి 1 డిగ్రీ సెల్సియస్‌కు పైగా పెరిగినదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి.

వేసవిలో భూమి సముద్రముకంటె త్వరగా వేడెక్కును. వేడిగాలి తేలికయై పైకి లేచుటచే అచట పీడనము తగ్గును. అప్పుడు సముద్రముమీది తేమగాలి భూమివైపు వీచును. ఇదియే జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఉండు నైరృతి ఋతుపవనము. ఈ గాలి పడమటి కనుమలనెక్కి చల్లబడి, అచటనే విస్తారముగా వర్షించును. కనుమల చాటున నున్న అనంతపురము ప్రాంతమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే పడును. నెల్లూరు సీమకు అధిక వర్షము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలమున లభించును. కావున ఒక సీమ పంటల పద్ధతి మరియొక సీమకు పనికిరాదు.

వర్షమాపకములోని నీటిని ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు కొలుతురు. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. 25 మిల్లీమీటర్లు కురిసినచో ఎకరమునకు సుమారు లక్ష లీటర్లు చేరును. 2.5 మిల్లీమీటర్లకు తక్కువైనచో దానిని వానదినముగా లెక్కింపరు. తొలి జల్లుకే విత్తినచో మొలక ఎండి, విత్తనపు ఖర్చు అప్పుగా మిగులును. మబ్బు చూచి ముంత ఒలకబోసికొనరాదు. నేల త్రవ్వి, పదును లోనికి దిగినదని చూచిన పిదపనే విత్తవలెను.

వాతావరణ సూచన ప్రాణములను సైతము కాపాడును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. నేడు ఉపగ్రహములు, రాడార్లు తుపాను మార్గమును కొన్ని దినములు ముందుగానే తెలుపుచున్నవి. పసుపు హెచ్చరిక గమనింపుమనును. నారింజ హెచ్చరిక సిద్ధపడుమనును. ఎరుపు హెచ్చరిక తక్షణమే చర్య గైకొనుమనును.

పంటను ఎన్నుకొనుటకు శీతోష్ణస్థితిని, విత్తు దినమును ఎన్నుకొనుటకు వాతావరణమును చూడుడు. తుపాను హెచ్చరిక విన్ననాడు గొడ్డు గోదలతో ముందుగా కదలుడు. ఇరుగుపొరుగు వృద్ధులను వెంట తీసికొనిపోవుట మరువకుడు.