ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు: కారణాలు, చికిత్స

గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా, తుమ్మినా ఛాతీలో ఒక పక్క సూదితో గుచ్చినట్టు పోటు వస్తే చాలామంది ‘గ్యాస్’ అనుకుంటారు. మందుల షాపులో మాత్ర కొని వేసుకుంటారు. నొప్పి తగ్గగానే ఆ సంగతి మరచిపోతారు. ప్రమాదం అక్కడే ఉంది.

ఊపిరితిత్తుల చుట్టూ రెండు పలుచని పొరలు ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటినే ప్లూరా అంటాం. పొరల మధ్య ఉండే కొద్దిపాటి ద్రవం కందెనలా పనిచేస్తుంది. పొరలకు వాపు వస్తే అవి ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. ఛాతీ గోడను అంటుకొని ఉన్న బయటి పొరకు నొప్పి తెలుస్తుంది కాబట్టి ప్రతి శ్వాసకూ పోటు వస్తుంది. దీనినే ప్లూరిసీ అంటారు. పొరల మధ్య నీరు చేరితే ఒరిపిడి ఆగి పోటు తగ్గవచ్చు, కానీ ఆయాసం పెరుగుతుంది. అందుకే నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

కారణాలు అనేకం:

1. వైరస్ వల్ల వచ్చినది విశ్రాంతితో, డాక్టరు ఇచ్చే నొప్పి మందుతో సాధారణంగా తగ్గుతుంది.

2. చలిజ్వరం, కఫంతో దగ్గు ఉంటే న్యుమోనియా కావచ్చు. బాక్టీరియా వల్ల వస్తే యాంటీబయాటిక్ అవసరం.

3. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం ఉంటే క్షయను అనుమానించాలి.

4. ఆపరేషన్ తర్వాత గాని, చాలాకాలం మంచం పట్టాక గాని కాలు వాచి, హఠాత్తుగా ఆయాసం వస్తే ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ అడ్డుపడి ఉండవచ్చు.

5. నొక్కితే నొప్పి పెరిగితే కండరం లేదా పక్కటెముక కారణం కావచ్చు. అయినా ఇంట్లోనే తేల్చుకోకూడదు.

ఆయాసం, చెమటలు, స్పృహ తప్పడం, దగ్గులో రక్తం, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, వీటిలో ఏది ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి. గుండెపోటు కూడా కావచ్చు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలు చేస్తారు. నీరు చేరితే సూదితో తీసి పరీక్షిస్తారు. క్షయ అని తేలితే మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవి ఉచితం. పోషణ కోసం నిక్షయ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు.

మందు ఉచితమైనా రోగికి కష్టాలు తప్పవు. కూలికి వెళ్లేవాడు ఆసుపత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ చేతి నుంచి పెట్టాలి. రెండు నెలలకు ఒంట్లో బాగుందనిపించగానే మందు మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. మన వీధిలో అలాంటివారు ఉంటే చార్జీలకు, పాలకు, గుడ్లకు సాయపడదాం. “ఈ నెల మందు తెచ్చుకున్నావా?” అని ఆరు నెలలూ అడుగుదాం. ఆ పలకరింపు కూడా చికిత్సలో భాగమే.