పులి అడుగు చదువుదాం

2024వ సంవత్సరం, డిసెంబరు నెల. వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలంలో రైతులకు పంట చేలల్లో పెద్ద పెద్ద అడుగులు కనిపించాయి. ఫారెస్టు వాళ్ళు వచ్చి చూశారు. పెద్దపులి అడుగులే అన్నారు. అదే నెలలో ములుగు జిల్లాలో గోదావరి ఒడ్డు ఊళ్ళలో కూడా పులి జాడలు కనిపించాయి.

అది పత్తి ఏరే కాలం. పత్తి చేలల్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళే. అంతకు కొన్ని రోజుల ముందే, నవంబరు 29న, కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనుకు పోయిన ఒక యువతిని పులి చంపింది. ఆ వార్త అన్ని ఊళ్ళకూ పాకింది. అందరిలోనూ భయం పుట్టింది.

భయపడటం తప్పు కాదు. కానీ భయంలో కుక్క అడుగు కూడా పులి అడుగులాగే కనిపిస్తుంది. ఒక్కోసారి నిజంగా పులి అడుగే ఉన్నా గుర్తుపట్టక దాటిపోతాం. అక్షరాలు రానప్పుడు బస్సు బోర్డు ఎట్లా ఉండేది? ఉత్త గీతల్లాగా ఉండేది. అడవి బాట కూడా అంతే. చదవటం వస్తే అది మనతో మాట్లాడుతుంది.

పులి ఎక్కడి నుంచి వస్తుంది?

పాకాల, ఏటూరునాగారం అడవులను 1952లోనే అభయారణ్యాలుగా ప్రకటించారు. అంటే అక్కడ జంతువులను వేటాడరాదు. అయినా వేట సాగింది. అడవి కూడా తగ్గింది. పులులు దాదాపు కనపడకుండా పోయాయి.

ఇప్పుడు వచ్చే పులులు ఎక్కువగా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వస్తున్నాయి. మహారాష్ట్రలోని తాడోబా అడవిలో పులులు బాగా పెరిగాయి. పులి పిల్ల రెండేళ్ళ వరకు తల్లి దగ్గర ఉంటుంది. తర్వాత తన చోటు తాను వెతుక్కోవాలి. మగపులి అయితే చాలా దూరం పోతుంది. వాగులు, నదులు ఈదుతుంది. అడవి తెగిపోయిన చోట చేలల్లో నుంచి నడుస్తుంది. అది మనిషిని వెతుక్కుంటూ రావటం లేదు. చోటు వెతుక్కుంటూ పోతున్నది.

అడుగును ఎట్లా చదవాలి?

పాకాల అడవి పక్కన ఒక ఊరు. ఆ ఊరి చదువు కేంద్రానికి ఒక సాయంత్రం బీట్ ఆఫీసరమ్మ వచ్చింది. ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు. ఆమె నల్లబల్ల మీద రెండు బొమ్మలు గీసింది.

"ఇందులో ఏది కుక్క అడుగు, ఏది పులి అడుగు? చెప్పండి" అన్నది.

"పెద్దగున్నది పులిది, చిన్నగున్నది కుక్కది. గంతే గద బిడ్డా!" అన్నది ఒక ముసలవ్వ.

"ఒక్క పరిమాణం చూస్తే సరిపోదవ్వా. గోర్లు చూడాలె. కుక్క, నక్క నడిస్తే వేళ్ళ ముందు గోర్ల గుర్తులు పడతయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుచుకుంటయి. గందుకే వాటి అడుగుల్ల గోర్లు కనపడవు."

"మా ఇంట్ల పిల్లి లెక్కనే!" అన్నది ఒక కోడలు.

"మంచిగ చెప్పినవ్ అక్కా. పులి కూడా పిల్లి జాతిదే."

ఆమె ఇంకా ఇట్లా చెప్పింది:

నాలుగు వేళ్ళు, వాటి వెనుక ఒక పెద్ద మెత్త. ఇది పులి అడుగు. మెత్త వెనుక అంచు మూడు భాగాలుగా ఉబ్బి ఉంటుంది. చిరుత అడుగు కూడా ఇట్లాగే ఉంటుంది కానీ చిన్నది. పెద్దపులి అడుగు మనిషి అరచేతి కన్నా వెడల్పు ఉంటుంది.

మగపులి వెనుక కాలి అడుగు దాదాపు చదరంగా ఉంటుంది. వేళ్ళు గుండ్రంగా, లావుగా ఉంటాయి. ఆడపులి అడుగు కొంచెం పొడుగ్గా, వేళ్ళు సన్నగా ఉంటాయి. పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు కూడా ఉంటే పిల్లల తల్లి కావచ్చు. అటువైపు అస్సలు పోరాదు. పిల్లల కోసం అది ఎవరి మీదికైనా దూకుతుంది.

అంచులు పదునుగా ఉంటే అడుగు కొత్తది. అంచులు రాలి, లోపల ఆకులు, చీమల మన్ను పడి ఉంటే పాతది. వేళ్ళు ఎటు ఉంటే పులి అటు పోయినట్టు.

అడుగు ఒక్కటే కాదు. చెట్టు మొదట్లో పైకి గోకిన గీతలు ఉంటాయి. బాట మీద పేడ ఉంటుంది, అందులో దుప్పి వెంట్రుకలో, పంది వెంట్రుకలో కనిపిస్తాయి. ఆ పేడను హైదరాబాదులోని సీసీఎంబీ వంటి సంస్థలకు పంపితే, అది ఏ జంతువుదో, ఆడదో మగదో కూడా చెప్పగలరు.

పులికీ వేలిముద్ర ఉన్నది

వెనుక అడుగులనే చూసి పులులను లెక్క పెట్టేవారు. అడుగులో సుద్దలాంటి పిండి కలిపి పోసి అచ్చు తీసేవారు. కానీ ఆ లెక్క తప్పుతుందని తెలిసింది. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో పులులు ఉన్నాయని కాగితాల మీద రాసుకున్నారు. 2005లో వెతికితే ఒక్కటి కూడా లేదు. దొంగ వేటగాళ్ళ పాలైనాయి.

ఆ తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు బాటకు రెండు పక్కలా చెట్లకు కెమెరాలు కడతారు. పులి నడిచిపోతే దానంతట అదే ఫోటో పడుతుంది. పులి ఒంటి మీది చారలు ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. మనిషికి వేలిముద్ర ఎట్లాగో పులికి చారలు అట్లాగ. ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. అందుకే రెండు కెమెరాలు. ఏ పులి ఎక్కడ పుట్టింది, ఎంత దూరం వచ్చింది అనేది ఈ ఫోటోలు కలిపి చూసి చెబుతారు.

అయినా కెమెరా ఎక్కడ కట్టాలో ముందు తెలియాలి కదా! అది చెప్పేది అడుగులే. అడుగు చూసి చెప్పేది ఊరి మనుషులే.

సింహాల దేశంలో

పులి ఒంటరి జంతువు. సింహం గుంపుగా బతుకుతుంది. మన దేశంలో అడవి సింహాలు గుజరాత్‌లోనే ఉన్నాయి. 2025 లెక్కలో అవి 891. ఆఫ్రికాలో ఎక్కువ. సింహాల గుంపులో ఆడవాటిదే నిలకడ. తల్లులు, బిడ్డలు, అక్కచెల్లెళ్ళు కలిసి ఉంటారు. ఎక్కువగా వేటాడేదీ, పిల్లలను సాకేదీ వాళ్ళే. మగ సింహాలు ఇద్దరో ముగ్గురో జట్టు కట్టి వస్తాయి. చాలాసార్లు అవి అన్నదమ్ములే. ఇంకో జట్టు వచ్చి తరిమితే వెళ్ళిపోతాయి. టాంజానియాలోని సెరెంగెటిలో 1966 నుంచి ఈ సంగతులన్నీ చూసి రాస్తున్నారు. అక్కడ మీసాల దగ్గరి చుక్కలను బట్టి ఏ సింహం ఏదో గుర్తుపడతారు.

కెన్యాలో మసాయి అనే పశువుల కాపర్లున్నారు. ఆవులను తిన్నదని సింహాన్ని ఈటెలతో చంపేవారు. 2007 నుంచి అక్కడ కొందరు మసాయి యువకులు సింహాల కాపలాదారులయ్యారు. జాడ తీసి, సింహం ఎటు ఉన్నదో కాపర్లకు ముందే చెబుతారు. వాళ్ళలో చాలామంది బడికి పోనివాళ్ళు. జాడలు రాసుకోవటం కోసం అక్షరాలు నేర్చుకున్నారు.

ఆడవాళ్ళు కూడా వెనుకబడలేదు. గుజరాత్‌లోని గిర్ అడవిలో 2007 నుంచి ఆడవాళ్ళు గార్డులుగా పని చేస్తున్నారు. కెన్యాలో 2019లో మసాయి ఆడవాళ్ళు కాపలా దళంగా ఏర్పడ్డారు.

జాడ కనిపిస్తే

అడుగును తొక్కవద్దు, చెరపవద్దు. దాని మీద గంప బోర్లించండి. బీట్ ఆఫీసరుకు, సర్పంచుకు చెప్పండి. ఏ చేను, ఏ వాగు, ఏ రోజు, ఎన్ని గంటలు అనేవి కాగితం మీద రాసి ఇవ్వండి.

చేనుకు గుంపుగా పోండి. మాట్లాడుకుంటూ పని చేయండి. పొద్దు పొడవక ముందు, పొద్దు గూకిన తర్వాత పోవద్దు. పులి వెనుక నుంచి, వంగి ఉన్న మనిషి మీదికి వస్తుంది. అందుకని ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. పులి ఎదురైతే పరుగెత్తవద్దు. దాని వైపు చూస్తూ మెల్లగా వెనక్కు నడవండి.

పులి పశువును చంపితే కళేబరం దగ్గరికి పోవద్దు. పులి మళ్ళీ తినటానికి వస్తుంది. ఫారెస్టు వాళ్ళు చూసి రాసుకుంటే పరిహారం వస్తుంది. కోపంతో విషం కలపవద్దు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. కళేబరంలో విషం కలిపారని కొందరిని అరెస్టు చేశారు. పులిని చంపితే జైలు శిక్ష పడుతుంది.

అడవి పందుల కోసం కరెంటు తీగ పెట్టవద్దు. తీగకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో అట్లాంటి తీగ తగిలి ఒక పోలీసు జవాను చనిపోయాడు.

చదువు కేంద్రంలో పాఠం అయిపోయింది. ముసలవ్వ సుద్దముక్క తీసుకున్నది. నల్లబల్ల మీద నాలుగు వేళ్ళు, ఒక మెత్త గీసింది. గోర్లు గీయలేదు. కింద తన చేతితో రాసింది: పులి.

ఆలోచించండి, చేయండి

1. కుక్క అడుగుకు, పులి అడుగుకు తేడా ఏమిటి? నేల మీద గీసి చూపండి.
2. కరెంటు తీగ వల్ల ఎవరెవరికి ప్రమాదం? మీ సంఘంలో మాట్లాడండి.
3. మీ బీట్ ఆఫీసరు ఫోను నంబరు అడిగి తెలుసుకోండి. అందరికీ కనిపించేటట్టు గోడ మీద మీరే రాయండి.